ఎడమ నుంచి రెండోవాడు

లుట్జ్‌బర్గ్, కాన్సస్
1984 ఆగస్టు 12

బావా,

ఫోన్లో చెప్పిన మాట చెల్లదు, ఏదడిగినా కాగితం మీదే అడగమని నువ్వే అంటావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను. నలభై మైళ్ళ దూరానికి తపాలా బిళ్ళ దండగని అక్క అంటుంది, అననీ. ఈ ఉత్తరం మా అక్క మొగుడికి కాదు. రాష్ట్రంలోని హైస్కూళ్ళన్నిటికీ ఫుట్‌బాల్ నిబంధనల అర్థం విడమరిచి చెప్పే ఆల్విన్ డ్రైలింగ్ గారికి.

ఇక్కడ వానలు మొహం చాటేసి డెబ్భై రోజులయింది. జొన్నచేలు మోకాలెత్తు కూడా రాలేదు. మా మైదానం కళ్ళంలా గట్టిపడిపోయింది. మొన్న సాధనలో మా కిక్కర్ కర్టిస్, బంతి నిలబెట్టే రబ్బరు పీట ఎవడో ఎత్తుకుపోయాడని విసుక్కుని, కోడిగుడ్డు ఆకారపు మన బంతిని నేలమీద అడ్డంగా పడుకోబెట్టి తన్నాడు. వాడి సంగతి నీకు తెలుసుగా, నడుస్తూ నడుస్తూ తన కాలికి తనే తగులుకునే రకం. దెబ్బ బంతి నెత్తిమీద పడింది. అది అక్కడికక్కడే నేలకేసి కొట్టుకుని, ఒక్క గెంతు గెంతి, ధాన్యం నిలవచేసే ఎలివేటర్ గోపురం ఎత్తుకి లేచింది. దిగేసరికి పదిహేను గజాల అవతల దిగింది. ఈలోగా మావాళ్ళు నలుగురు దాని కిందకి చేరి, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాయింట్లు చేశాక అవతలివాళ్ళకి తన్నే కిక్‌ఆఫ్‌లో బంతి పది గజాలు దాటిందంటే తన్నిన జట్టు కూడా తీసుకోవచ్చు. అందుకనే అవసరం ముంచుకొచ్చినవాడు నేలబారుగా దొర్లేలా తన్ని, కుమ్ములాటలో తన అదృష్టం చూసుకుంటాడు. గాలిలోకి లేపి తన్నితే ప్రయోజనం లేదు. కింద ఉన్నవాడు చెయ్యి పైకెత్తి ఊపాడంటే వాణ్ణి ఎవడూ ముట్టుకోకూడదు, తీరిగ్గా పట్టుకుంటాడు. కానీ ఒకసారి నేల తాకిన బంతికి ఆ చెయ్యి ఊపడం పనికిరాదు కదా? నా బంతి కర్టిస్ పాదం దగ్గరే నేల తాకింది. ఆ తరవాత అది ఆకాశానికి లేస్తే ఏం, పుస్తకం దృష్టిలో నేలమీద దొర్లే బంతే. అవునా కాదా?

రాసి ఇవ్వు. రెండేళ్ళ కిందట ఏమయిందో మరిచిపోలేదు. చెయ్యి ఊపి పట్టుకున్న చోటునుంచి, ఎవరూ అడ్డం రాకుండా, నేరుగా గోలుకి తన్నుకోవచ్చని పుస్తకంలో ఉంది. తన్నించాను. ముగ్గురు రిఫరీలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని చెల్లదన్నారు. నాదే రైటని వారం తరవాత నువ్వు రాసి పంపావు. మ్యాచి పోయాక వచ్చిన న్యాయాన్ని ఏం చేసుకోను?

ఈ స్కూలు కోచ్‌గా మీ ఊరి చేతిలో తొమ్మిదేళ్ళుగా ఓడుతున్నాను బావా. మా స్కూలు బోర్డులో సగం మంది చర్చిలో నా పక్క బెంచీ వాళ్ళే. పాటల పుస్తకం అందించేటప్పుడు కూడా నా మొహం చూడరు.

నీ బావమరిది,
లియాండర్ వాసింగర్


సెయింట్ కిలియన్, కాన్సస్
1984 ఆగస్టు 16

బావమరిదీ,

నీ ఉత్తరం ఎలివేటర్‌లో కాటా దగ్గర కూర్చుని చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. గోధుమ లారీల వాళ్ళు నాకు వడదెబ్బ తగిలిందనుకున్నారు.

నీ కిక్ చెల్లుతుంది. పీట వాడాలని ఎక్కడా లేదు, బంతిని నేలమీద ఏ భంగిమలోనైనా పెట్టవచ్చు. తన్నిన బంతి నేల తాకిన క్షణం నుంచి చెయ్యి ఊపే హక్కు పోతుంది. దానితోపాటే పట్టుకునేవాడికి ఉన్న రక్షణ కూడా పోతుంది. బంతి పది గజాలు దాటాక మీవాళ్ళు దాన్ని తీసుకోవచ్చు, అడ్డమున్నవాణ్ణి గుద్దవచ్చు. ఇదే నా నిర్ణయం. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. జేబులో పెట్టుకో.

నిజం చెప్పాలంటే ఈ కంత నేను ఏడేళ్ళ కిందటే చూశాను. జనవరిలో నిబంధనల కమిటీ కూర్చున్నప్పుడు చెప్పి పూడ్పించవచ్చు. అంత వంకరగా ఆలోచించేవాడు కాన్సస్‌లో పుట్టడులే అని ఊరుకున్నాను. పుట్టాడు, అదీ మా ఆవిడకి తమ్ముడయి.

ఒకటి మాత్రం మరవకు. ఇలాంటి వింత ఏదైనా వాడదలుచుకుంటే మ్యాచికి ముందు రిఫరీకి చెవిలో వెయ్యాలి. ఆయన విని ఊరుకోవాలి, అవతలి జట్టుకి చెప్పకూడదు. ఆ కట్టుబాటు నాకూ ఉంది. మా కోచ్ రోజూ నా గదిలోనే కాఫీ తాగుతాడు. మా అబ్బాయి గేలెన్ నా కంచం పక్కనే కూర్చుని తింటాడు. ఈ ఉత్తరం సంగతి ఇద్దరికీ తెలియదు, తెలియనివ్వను. ఇరవై రెండేళ్ళలో ఒకరు నన్నడిగింది మరొకరికి చెప్పిన పాపాన పోలేదు.

అన్నట్టు నీ మేనల్లుడు ఈ ఏడాది పెద్ద జట్టులోకి వచ్చాడు. వాళ్ళమ్మ కొత్త బూట్లు కొంది, అవి చాలక మళ్ళీ కొంది.

ఆల్విన్


లుట్జ్‌బర్గ్
1984 సెప్టెంబర్ 23

బావా,

నీ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. ఉతికేటప్పుడు తీసి, ఆరేశాక మళ్ళీ పెట్టుకుంటున్నాను. పెళ్ళి కాకపోయినా ఇలా ఒక సంసారం ఏర్పడింది.

మూడు మ్యాచుల్లో రెండు ఓడాం. ఆ కిక్ ఎక్కడా వాడలేదు. ఒకసారి వాడితే నోటినోటా మీ ఊరికి చేరుతుంది, అందుకని అక్టోబర్ 19న మీరొచ్చేదాకా అట్టేపెట్టాను. రోజూ సాధన అయ్యాక, చూసేవాళ్ళంతా వెళ్ళాక, కర్టిస్ చేత నలభైసార్లు తన్నిస్తున్నాను. పదింటికి ఏడు సరిగ్గా లేస్తున్నాయి. ఎడమకి కావాలంటే ఎడమకి, కుడికి కావాలంటే కుడికి వేస్తున్నాడు. కాలు జారి బయటపడ్డ సంగతి ఇప్పుడు వాడికి కొట్టిన పిండి అయిపోయింది.

గేలెన్ ఎలా ఆడుతున్నాడు? మీవాళ్ళు ఫిల్ము పొదుపని కిక్‌ఆఫ్‌లు తియ్యరాయె. మ్యాచికి ముందు రెండు జట్లూ ఇచ్చిపుచ్చుకునే రీళ్ళలో వాడి వీపు రెండుసార్లు కనబడింది, అంతే. కిక్‌ఆఫ్ అందుకునేటప్పుడు వాణ్ణి ఎక్కడ నిలబెడుతున్నారు? వేసవి సెలవుల్లో నా దగ్గర నేర్చుకున్నవాడు, బెంచీమీద కూర్చోబెడితే మీ కోచ్‌ని నేనే వచ్చి అడుగుతాను.

లియాండర్


సెయింట్ కిలియన్
1984 సెప్టెంబర్ 29

లియాండర్,

కూర్చోబెట్టడమా? వాణ్ణి తీస్తే మా కోచ్‌కి నిద్రపట్టదు. కిక్‌ఆఫ్‌కి ముందు వరుసలో అయిదుగురు ఉంటారు కదా, అందులో ఎడమ నుంచి రెండోవాడు మనవాడు. నిన్నటి మ్యాచిలో దొర్లుకుంటూ వచ్చిన బంతి మీద గద్దలా పడ్డాడు. నేను స్టాండులో కూర్చుని ఏమీ పట్టనట్టు మొహం పెట్టాను, కానీ నా పక్కవాడి తొడ గిల్లేశానట.

మీ మైదానంలో దీపాలు లేవు కాబట్టి మ్యాచి నాలుగింటికే మొదలవుతుందిగా. అయ్యాక మన ఇంటికే రమ్మంది మీ అక్క రోసినా. క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు, బియరాక్‌లు చేస్తుందట. గెలిచినా ఓడినా మొహం కడుక్కుని రమ్మంది.

ఆల్విన్


లుట్జ్‌బర్గ్
1984 అక్టోబర్ 22

బావా,

రాయడానికి కూర్చుని మూడు కాగితాలు చింపాను.

మ్యాచి మర్నాడు, శనివారం పొద్దున్నే ఆస్పత్రికి వచ్చాను. గేలెన్ గది బయట అక్క నిలబడి ఉంది. నన్ను చూసి తలుపు దగ్గరికి జరిగింది. "ఇప్పుడు కాదు, వెళ్ళు," అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నయం. కింద కారులో మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చేశాను. నర్సుని అడిగితే రక్తసంబంధీకులకి తప్ప ఎవరికీ చెప్పం అంది. మేనమామనన్నాను. కాగితంలో చూసి, మీ పేరు రాయించలేదండీ అంది.

ఎలా ఉన్నాడు? కాళ్ళు కదిలిస్తున్నాడా?

వాణ్ణి గుద్దిన మా డ్వేన్ ఇవాళ బడికి రాలేదు. ఇంట్లో మంచం దిగడంలేదని వాళ్ళమ్మ చెప్పింది. వాడిమీద కోపం పెట్టుకోవద్దు. వాడు తల వంచి గుద్దలేదు, భుజం పెట్టే గుద్దాడు. గేలెన్ తల పైకెత్తి ఉండడంవల్ల గడ్డం కింద తగిలింది. తప్పు జరిగిందని రిఫరీ జెండా వెయ్యలేదు. మ్యాచికి ముందు ఆయనకి అంతా చెప్పాను, నీ కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి తిరిగిచ్చాడు. పద్ధతి ప్రకారం జరగనిది ఏదీ లేదు. అయినా ఇలా జరిగింది. ఫుట్‌బాల్‌లో ఇలాంటివి జరుగుతాయని ఇన్నేళ్ళూ పిల్లల తల్లులకి నేనే చెబుతూ వచ్చాను. ఇప్పుడు నాకెవరూ ఆ మాట చెప్పడం లేదు.

ఒక్కసారి వాణ్ణి చూడనివ్వండి. మాట్లాడను. చూసి వచ్చేస్తాను.

లియాండర్


సెయింట్ కిలియన్
1984 నవంబర్ 8

లియాండర్,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మెడలో అయిదో ఎముక విరిగింది. కాళ్ళు కదలడం లేదు, కదలవని డాక్టర్లు చెప్పారు. కుడిచేతి వేళ్ళు మూడు కొంచెం ఆడుతున్నాయి. చెంచా పట్టుకోవడం నేర్పిస్తామంటున్నారు. పదిహేడేళ్ళవాడికి.

పద్ధతి ప్రకారం జరిగిందని రాశావు. నీ ఉత్తరంలో రాయనివి నేను చెబుతాను. నా కొడుకుని చెక్కమీద కట్టి తీసుకెళ్ళిన బండి దుమ్ము అణగకముందే నువ్వు మిగతా ఆరు నిమిషాలూ ఆడించావు. ఆపేద్దామని మా కోచ్ అడిగితే, పిల్లలు తేరుకోవాలంటే ఆడటమే మంచిదన్నావట. ఆ బంతి మీవాళ్ళకే దొరికింది. దాంతోనే పధ్నాలుగు పన్నెండుతో గెలిచావు. తొమ్మిదేళ్ళ తరవాత. ఊళ్ళో గంటలు కొట్టారని విన్నాను.

ఇంకో సంగతి. పోయిన సోమవారం నీ మీద విచారణ పెడితే, మీ బోర్డులో నా ఉత్తరం పైకి చదివి వినిపించావట. చదవడం అయ్యాక ఇద్దరు ముగ్గురు లేచి నీ భుజం తట్టారట. నా సంతకాన్ని గొడుగులా పట్టుకుని తడవకుండా బయటికి నడిచావు. ఇప్పుడు ఇక్కడ కాటా దగ్గరికి వచ్చే ప్రతి లారీవాడికీ తెలుసు, గేలెన్ డ్రైలింగ్ మెడ విరగడానికి అనుమతి రాసిచ్చింది వాళ్ళ నాన్నేనని. ఎవరూ ఆ మాట అనడం లేదు. ధాన్యం తూకం అయ్యేదాకా ఆకాశం కేసి చూస్తున్నారు.

నిన్ను చూడాలని రోసినాకి లేదు. నాకూ లేదు.

ఆల్విన్ డ్రైలింగ్


లుట్జ్‌బర్గ్
1984 నవంబర్ 25

బావా,

నువ్వు ఏమన్నా పడతానని అనుకున్నాను. ఆ గొడుగు మాట చదివాక పడాలనిపించలేదు.

బోర్డులో నీ ఉత్తరం చదివింది నిజమే. ఏం చదవకుండా వదిలేశానో నీకు తెలుసా? 'ఈ కంత నేను ఏడేళ్ళ కిందటే చూశాను' అన్న పేరా. పెదవి కదపకుండా దాన్ని దాటేసి కింద సంతకానికి వెళ్ళాను. అది పైకి చదివి ఉంటే పత్రికల్లో నా పేరు రెండో పేజీకి పోయి నీది మొదటి పేజీకి వచ్చేది. ఏడేళ్ళు ప్రతి జనవరిలో కమిటీ బల్ల దగ్గర కూర్చున్నవాడివి నువ్వు. నీకు తప్ప ఇంకెవరికీ తెలియని కంతని నువ్వు ముద్దుచేసి దాచుకున్నావు. నేను అందులో కాలు పెట్టాను. ఎవరిది ఎక్కువ తప్పో తూచగలిగితే తూచు, కాటా నీ దగ్గరే ఉంది.

మిగతా ఆరు నిమిషాలూ ఆడించిన మాట కూడా నిజమే. అప్పటికి వాడు లేచి కూర్చుంటాడనే అనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను.

థాంక్స్‌గివింగ్ రోజున మీ ఇంటి ముందు నుంచి రెండుసార్లు కారు పోనిచ్చాను. గుమ్మం ముందు చెక్కలతో కొత్తగా వాలుదారి వేసి ఉంది. ఆ చెక్కలు కొట్టడానికైనా నన్ను పిలిచి ఉండాల్సింది.

లియాండర్


సెయింట్ కిలియన్
1985 జనవరి 20

లియాండర్,

కమిటీ పదకొండో తారీకున కూర్చుంది. కిక్ గురించి కొత్త నిబంధన రాసే పని నాకే అప్పగించారు. రాజీనామా ఇస్తే తీసుకోలేదు. నాకన్నా బాగా రాయగలవాడు లేడన్నారు, ఆ మాట అంటున్నప్పుడు ఎవరూ నన్ను చూడలేదు.

ఇలా రాశాను: 'కిక్‌ఆఫ్‌లో బంతిని తన్నిన వెంటనే నేలకేసి కొట్టి, ఒక్క గెంతుతో గాలిలోకి లేపరాదు. లేపితే ఆట అక్కడితో ఆగినట్టు లెక్క, తన్నిన జట్టుకి అయిదు గజాల శిక్ష.' ఫిబ్రవరి చివరికి పంపాలి. ఇందులో కంత ఉందో లేదో చూడడానికి నీకన్నా తగినవాడు నాకు తెలియదు. పొగడ్త అనుకోకు.

ఇంకొక్కటి అడగాలి. గేలెన్‌ని చూడనివ్వమని రాశావు. నువ్వు చూడాలో వద్దో ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది.

సెప్టెంబర్ 23న రాసిన ఉత్తరంలో, కిక్‌ఆఫ్‌కి వాణ్ణి ఎక్కడ నిలబెడుతున్నారని నువ్వు అడిగావు. నేను చెప్పాను, గొప్పలు పోతూ చెప్పాను. ఎందుకు అడిగావు?

దీనికి జవాబు వచ్చేదాకా నా గుమ్మం తొక్కవద్దు. అబద్ధం రాసేమాటైతే ఇంక అసలు రాయవద్దు.

ఆల్విన్


లుట్జ్‌బర్గ్
1985 ఫిబ్రవరి 10

బావా,

ముందు నిబంధన సంగతి. 'ఒక్క గెంతు' అని రాశావు. రెండు గెంతులైతే? మొదటిది అంగుళం ఎత్తు, రెండోది ఆకాశానికి. గట్టి నేలమీద కర్టిస్ అది కూడా చెయ్యగలడు, ఒకసారి చేశాడు. గెంతుల లెక్క తీసెయ్యి. నేల తాకి లేచినా, పాదం నుంచి నేరుగా లేచినా, బంతి గాలిలో ఉన్నంతసేపూ కింద నిలబడ్డవాణ్ణి ముట్టుకోకూడదని రాయి. రక్షణ బంతికి కాదు, మనిషికి ఇవ్వు. ఆ మాట ఆగస్టులో ఇద్దరిలో ఎవరికైనా తట్టి ఉండాల్సింది.

ఇంక నీ ప్రశ్న. ఇరవై రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

వాడి కోసమే అడిగాను.

ఆ కిక్‌లో బంతి ఎంత బాగా లేచినా, కింద ఉన్నవాడు తెలివైనవాడైతే లాభం లేదు. మీదికొస్తున్నవాళ్ళని చూసి పక్కకి జరుగుతాడు, లేకపోతే బంతిని చేత్తో బయటికి తోసేస్తాడు. మామూలుగా పిల్లలంతా అదే చేస్తారు, వాళ్ళ కళ్ళు సగం బంతిమీద, సగం వచ్చేవాడి మీద ఉంటాయి. మీ ముందు వరుసలో మిగతా నలుగురూ అలాంటివాళ్ళే. బంతి తప్ప ఇంకేదీ చూడని పిల్లవాడు నాకొక్కడు కావాలి. అలాంటివాణ్ణి ఒక్కణ్ణే ఎరుగుదును, వాణ్ణి అలా తయారుచేసింది నేనే కాబట్టి.

వాడికి తొమ్మిదేళ్ళప్పటి నుంచి ప్రతి వేసవీ మా పాలకొట్టం వెనక బంతి విసిరేవాణ్ణి. వాడు పట్టుకునే సమయానికి పక్కనుంచి గోతాం విసిరేవాణ్ణి, రేకు డబ్బా మోగించేవాణ్ణి, కుక్కని వదిలేవాణ్ణి. కళ్ళు తిప్పితే మళ్ళీ మొదటినుంచి. పన్నెండో ఏడు వచ్చేసరికి చెవి పక్కన తుపాకి పేల్చినా వాడు బంతిమీంచి చూపు తిప్పేవాడు కాదు. ఇంత శ్రద్ధగల పిల్లవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

'ఎడమ నుంచి రెండోవాడు' అని నీ ఉత్తరం వచ్చిన రోజునుంచి కర్టిస్ చేత అటే తన్నించాను. నలభైసార్లు, రోజూ. వాడికి దెబ్బ తగలాలని కోరుకోలేదు. పడతాడు, బంతి జారుతుంది, మనకి దొరుకుతుంది, రాత్రి మీ ఇంట్లో బియరాక్‌లు తింటూ వాణ్ణి ఏడిపించవచ్చు అనుకున్నాను. అంతే అనుకున్నాను. డ్వేన్ పరిగెడుతుంటే గేలెన్ మొహం చూశాను. వాడు చిన్నప్పటిలాగే నోరు కొంచెం తెరిచి పైకి చూస్తున్నాడు. సరిగ్గా నేర్చుకున్నాడని ఒక్క క్షణం సంతోషించాను.

అబద్ధం రాయలేదు. ఇంక నీ ఇష్టం.

లియాండర్


సెయింట్ కిలియన్
1985 మార్చి 1

లియాండర్,

నీ ఉత్తరం చదివాక నిన్ను చంపాలనిపించింది. రెండు రోజులు అదే అనుకున్నాను. ఎలివేటర్ మీదికెక్కి కూర్చున్నాను, అక్కడినుంచి మీ ఊరి దారి కనబడుతుంది.

మూడో రోజు కోపం నిలవలేదు. ఎందుకు నిలవలేదో నీకు రాయాలి, ఇంకెవరికి చెప్పుకోను?

ఆ రోజు నేను స్టాండులో నాలుగో మెట్టు మీద ఉన్నాను. మీ కిక్కర్ పీట పక్కకి తన్నేసి బంతిని అడ్డంగా పడుకోబెట్టాడు. ఆ స్టాండులో ఉన్న మూడు వందల మందిలో అదేమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రిఫరీ ఈల వెయ్యడానికి నాలుగైదు సెకన్లు ఉంది. నా గొంతు పెద్దదని నీకు తెలుసు, పొలం అవతలున్నవాణ్ణి పిలవగలను. 'గేలెన్, వెనక్కి' అంటే చాలు, వాడు వినేవాడు.

నేను లేచి నిలబడ్డాను. అరవడానికి లేవలేదు లియాండర్. బాగా కనబడాలని లేచాను. పుస్తకంలో చూసి ఏడేళ్ళుగా తలలో తిప్పుకుంటున్నది, మొదటిసారి కళ్ళముందు జరగబోతోంది. బంతి పైకి లేచినప్పుడు నేను ఏమనుకున్నానో కూడా చెబుతాను. నేను రాసింది రైటే అనుకున్నాను.

కట్టుబాటు ఉంది కాబట్టి నోరు మూసుకున్నానని నవంబర్‌లో నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోలేను.

నీ సవరణ కమిటీకి పంపాను, నీ పేరు పెట్టకుండా. వాళ్ళు ఒప్పుకుంటారు.

నువ్వు రావద్దు. నీ మీద కోపంతో అనడం లేదు. వస్తే మనిద్దరం ఎదురుపడతాం, మన మొహాలు చూసి రోసినా కనిపెట్టేస్తుంది. తనకి ఇదేదీ చెప్పలేదు, చెప్పను. ఈ ఇంట్లో ఇంకా ఒక మనిషికి నామీద నమ్మకం ఉంది, దాన్ని పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.

ఆల్విన్


సెయింట్ కిలియన్
1985 మార్చి 6

లియాండర్,

మీ బావ ఉత్తరం దీంతోపాటే పెడుతున్నాను. అయిదు రోజులుగా దాన్ని నిబంధనల పుస్తకంలో పెట్టుకుని పోస్టు చెయ్యకుండా తిరుగుతున్నాడు. ఆస్పత్రి ఫారం కోసం ఆయన బల్ల వెతుకుతుంటే నిన్న దొరికింది. నీవి కూడా దొరికాయి, ఆయన నీకు రాసినవాటి నకళ్ళతో సహా, తారీకుల వరసలో క్లిప్పు పెట్టి. అన్నీ చదివాను. స్కూలు వంటింట్లో పిల్లలకి దాల్చిన చెక్క రొట్టెలు వెయ్యాల్సిన పూట సెలవు పెట్టి చదివాను.

మీ బావ లేచి నిలబడ్డప్పుడు పక్కన కూర్చున్నది నేనే. వెనకవాళ్ళకి అడ్డం, కూర్చోమని కోటు పట్టి లాగాను. అప్పటినుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, కన్నతండ్రి కాబట్టి ముందే కీడు శంకించి లేచాడని. ఫాదర్ ఆంబ్రోస్‌కి కూడా చెప్పాను. ఆయన పోయిన ఆదివారం చర్చిలో ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. మీ బావ నా పక్కన కూర్చుని విన్నాడు.

పది ఉత్తరాలు రాసుకున్నారు ఇద్దరూ. నిబంధన గురించి రాసుకున్నారు, బోర్డు గురించి, కాటా గురించి, ఎవరిది ఎక్కువ తప్పనే దాని గురించి. గేలెన్‌కి ఏం చెప్పాలని ఒక్కదాంట్లో ఒక్క ముక్క లేదు.

నేను చెప్పాను. నిన్న సాయంత్రం వాడి మంచం పక్కన కూర్చుని మొదటినుంచి చదివి వినిపించాను. నీ ఫిబ్రవరి ఉత్తరం అయ్యాక ఆపమన్నాడు.

"అయితే నేను బాగానే చేశానన్నమాట," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. తను ఒక అడుగు తప్పు నిలబడ్డాననీ, చూసుకోవాల్సింది చూసుకోలేదనీ, అందుకే ఇలా అయిందనీ అయిదు నెలలుగా అనుకుంటున్నాడట. డ్వేన్ జీవితం కూడా తనవల్లే పాడయిందనుకుంటున్నాడట. నాన్న తన గదిలోకి వచ్చి రెండు నిమిషాలు కూర్చోలేక లేచిపోయేది, కొడుకు ఆట చేతకానివాడన్న సిగ్గుతోనే అనుకున్నాడట. ఈ మాటలు చెబుతూ వాడు ఏడవలేదు. మొహం తుడవడానికి చెయ్యి రాదు కాబట్టి ఏడవడం మానేశాడు.

మీ ఇద్దరిలో ఎవరైనా అక్టోబర్‌లో నోరు విప్పి ఉంటే ఆ అయిదు నెలలు వాడికి మిగిలేవి.

మీ బావ ఉత్తరం కూడా చదివాను. అది అయ్యాక వాడేమన్నాడో మీ బావకి చెప్పాను, నీకు అనవసరం.

నిన్ను క్షమించానని అనుకోకు. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన చెయ్యే ఇది రాస్తోంది, ఆ చెయ్యి నీకోసం ఇంక కదలదు. కానీ నాకు డ్రైవరు కావాలి. ఏప్రిల్ నుంచి గేలెన్‌ని వారానికి రెండుసార్లు విచిటాలో చికిత్సకి తీసుకెళ్ళాలి. పోవడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. నేను ఉద్యోగం మానలేను. మంగళవారాలు మీ బావవి. శుక్రవారాలు నీకిస్తున్నాను.

నిన్ను రానివ్వాలా అని గేలెన్‌ని అడిగాను. రమ్మన్నాడు. ఎందుకని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఆరు గంటలు కారులో నీ పక్కన కూర్చుంటాడు, అప్పుడు నీకే చెబుతాడు. వాడేమన్నా నోరు మూసుకుని విను.

పదకొండింటికి బయలుదేరాలి. తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడవుతుంది. ఒక్క శుక్రవారం కూడా తప్పకూడదు, డాక్టర్లు రెండేళ్ళ పైమాటే అన్నారు. సెప్టెంబర్ వచ్చాక శుక్రవారాలు నీకు మ్యాచులుంటాయి. ఆ సంగతి తెలిసే నీకు శుక్రవారం ఇచ్చాను. లుట్జ్‌బర్గ్‌కి ఇంకో కోచ్ దొరుకుతాడు.

ఏప్రిల్ 5న మొదటిది. వస్తే వాలుదారి దగ్గర కారు ఆపు, లోపలికి రానక్కర్లేదు, నేనే వాణ్ణి తోసుకొస్తాను. ఆ రోజు రాకపోతే ఇంకెప్పుడూ రావద్దు.

రోసినా